ఏం మానేశారో రాసుకోండి

"ఇప్పటికైతే మందులు వాడండి. ఆరు నెలలకోసారి ఎకో తీయించుకుని రండి. ఆపరేషన్ సంగతి అప్పుడు చూద్దాం."

గుండె వాల్వు జబ్బు ఉన్నవాళ్లలో ఈ మాట వినని వాళ్లు తక్కువ. విని బయటికొచ్చాక జనం రెండు రకాలవుతారు. ఒకాయన ఫైలు తీసుకెళ్లి బీరువా మీద పడేస్తాడు. తొందరేం లేదని డాక్టరే అన్నాడు కదా! ఇంకొకాయన ఆ రాత్రి నుంచే మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టుకుంటాడు, ఫోన్లో ఆపరేషన్ వీడియోలు చూస్తాడు, నిద్ర పాడుచేసుకుంటాడు. ఒకరు మరిచిపోయి హాయిగా ఉన్నారు, ఒకరు తల్చుకుని కుమిలిపోతున్నారు. ఆస్పత్రిలో చేరే రోజు వచ్చేసరికి మాత్రం ఇద్దరిదీ ఒకటే పరిస్థితి. ఏ ఏర్పాటూ ఉండదు.

ఆ ఎదురుచూపు ఆరు నెలలు కావచ్చు, పదిహేనేళ్లు కావచ్చు. కొందరికి ఆపరేషన్ అవసరమే రాకపోవచ్చు. ఎన్నాళ్లైనా ఆ మధ్యకాలంలో చేయాల్సిన పని చాలా ఉంది. "ధైర్యంగా ఉండండి" అని చెప్పేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. ధైర్యం మంచిదే. కాకపోతే అది ఎకో రిపోర్టు చదివిపెట్టదు, పళ్ల డాక్టరు దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లదు. వాల్వు జబ్బుతో కాపురం చేసేవాళ్లకు అంతకన్నా ఎక్కువగా అక్కరకొచ్చేది నిక్కచ్చితనం. ఉన్నది ఉన్నట్టు తనకు తాను చెప్పుకోవడం, డాక్టరుకు చెప్పడం, ఇంట్లోవాళ్లకు చెప్పడం. మన లోటు అక్కడే ఉంది.

ఆయాసం ఎక్కడికి పోయింది?

గుండెలో నాలుగు వాల్వులుంటాయి. రోజుకు సుమారు లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటాయి. కాలవ తూముకు షట్టరు ఉంటుందే, అలాంటి పనే వాటిది. షట్టరు పూర్తిగా లేవకపోతే వెనక నీళ్లు నిలిచిపోతాయి. సరిగ్గా దిగకపోతే కారిపోతాయి. వాల్వుకూ ఈ రెండు రోగాలే. డాక్టర్లు స్టెనోసిస్ అనీ రిగర్జిటేషన్ అనీ రాస్తారు. ఓపీ బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లు 'వాల్వు మూసుకుపోయింది', 'వాల్వు లీకవుతోంది' అంటారు. ఒకే వాల్వుకు రెండూ ఉండొచ్చు.

మన దగ్గర చిన్న వయసులో వాల్వు పాడవడానికి పెద్ద కారణం రుమాటిక్ జ్వరం. అయిదు నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా వల్ల గొంతునొప్పి వస్తుంది. రెండు మూడు వారాలకు జ్వరం, కీళ్ల వాపులు. కీళ్లు బాగైపోతాయి, ఇంటిల్లిపాదీ ఆ సంగతి మరిచిపోతారు. గుండెలో, ముఖ్యంగా మైట్రల్ వాల్వు మీద, మచ్చ మాత్రం ఉండిపోతుంది. ఆ పిల్ల పెరిగి, పెళ్లై, కడుపుతో ఉండగా ఆయాసంతో కూలబడినప్పుడు అది బయటపడుతుంది. ఈ జ్వరం వచ్చిన పిల్లలకు ప్రతి 21 రోజులకు పెన్సిలిన్ ఇంజక్షన్ ఏళ్ల తరబడి వేయించమనేది అందుకే. జ్వరం తిరగబెట్టిన ప్రతిసారీ వాల్వు మరికాస్త దెబ్బతింటుంది. ఇంజక్షన్ నొప్పెడుతుంది, పిల్ల ఏడుస్తుంది, అమ్మ మనసు కరుగుతుంది. కరగనివ్వకండి. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

ఇంకొందరికి పుట్టుకతోనే అయోర్టిక్ వాల్వుకు మూడు రెక్కల బదులు రెండే ఉంటాయి. నూటికి ఒకరిద్దరు ఇలా పుడతారు. వయసు మళ్లాక వాల్వు మీద కాల్షియం పేరుకుని బిగుసుకుపోయేవాళ్లు వేరే. కారణం ఏదైనా ఈ జబ్బు చాలామందిలో నెమ్మదిగానే ముదురుతుంది. ఆ నెమ్మదే మనిషిని మోసం చేస్తుంది.

ఎలాగంటే, మూడో అంతస్తులో ఉండే స్నేహితుడి ఇంటికి వెళ్లడం తగ్గిపోతుంది. 'వాడు మునుపటిలా లేడులే' అంటారు. కూరగాయల సంచి మనవడి చేతికి పోతుంది. 'పిల్లలకు పని అలవాటు కావొద్దూ' అంటారు. అలిపిరి దగ్గర మొదలుపెట్టి మూడున్నర వేల మెట్లూ ఎక్కి కొండకు పోయిన మనిషి ఈసారి బస్సెక్కుతాడు. అడిగితే మోకాళ్ల మీదికి నెడతాడు. నడుస్తూ కబుర్లు చెప్పే ఆవిడ ఇప్పుడు మాట చెప్పడానికి ఆగుతుంది. రాత్రిపూట తల కింద ఒక దిండు రెండవుతుంది. ఆర్నెల్ల తర్వాత డాక్టరు "ఆయాసం వస్తోందా?" అంటాడు. "అబ్బే, లేదండీ!" అది అబద్ధమేమీ కాదు. ఆయాసం వచ్చే పనులన్నీ మానేశాక ఆయాసం ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకని ఒక నోట్‌బుక్ పెట్టండి. ఈ నెలలో ఏ పని మానేశారు? ఏ పని వేరేవాళ్లకు అప్పజెప్పారు? ఏ దారి మార్చుకున్నారు? నెలకోసారి రాయండి. దాంతోపాటు ఒక కొలత పెట్టుకోండి. ఇంటిదో ఆఫీసుదో ఏదో ఒక మెట్ల వరస, మామూలు వేగం. పైకి చేరాక ఎన్ని మాటలు ఆగకుండా మాట్లాడగలుగుతున్నారో చూసుకోండి. పోటీలు పడొద్దు, పరుగెత్తొద్దు. మెట్లు ఎక్కొచ్చో లేదో ముందు డాక్టరును అడగాల్సిన దశలో ఉంటే అడగండి. లక్షణాలు లేవంటున్నా అనుమానం ఉంటే డాక్టరే తన కళ్లముందు ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూస్తారు. సొంతంగా ఆ పరీక్ష పెట్టుకోవడం తెలివితక్కువ పని.

రాసింది ఒకసారి ఇంట్లోవాళ్ల చేత చదివించండి. మీ ఆవిడో మీ ఆయనో చదివితే ఇంకో నాలుగు కలుస్తాయి. "దసరాకి ఫ్యాన్లు తుడవలేదు, నన్ను తుడవమన్నావు. అది రాయలేదేం?" మనం కప్పిపుచ్చుకునేవన్నీ పక్కనున్నవాళ్లకు కనిపిస్తూనే ఉంటాయి. వీలైతే డాక్టరు దగ్గరికి వాళ్లనే వెంటబెట్టుకెళ్లండి.

ఈ లెక్క ఎందుకింత ముఖ్యమంటే, ఆపరేషన్ ఎప్పుడన్న నిర్ణయం చాలావరకు దీని మీదే నడుస్తుంది. అయోర్టిక్ వాల్వు బాగా సన్నబడినవాళ్లకు ఆయాసం, నడిస్తే ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం మొదలయ్యాక కాలం వేగంగా కరుగుతుంది. వాల్వు మార్చకుండా వదిలేస్తే అలాంటివారిలో సుమారు సగం మంది రెండేళ్లు దాటలేరని గుండె వైద్యులు చెబుతారు. భయపెట్టడానికి రాయడం లేదు. 'అబ్బే, లేదండీ' అనే రెండు ముక్కలకు ఎంత ఖరీదుందో తెలియాలని రాస్తున్నాను. పని చేస్తూ స్పృహ తప్పడం, పడుకోలేక లేచి కూర్చోవాల్సి రావడం, ఉన్నట్టుండి మూతి వంకరపోవడమో చెయ్యి పడిపోవడమో, ఆగకుండా గుండె దడ... వీటిలో ఏదొచ్చినా తర్వాతి ఎకో తేదీ కోసం చూడకూడదు. వెంటనే ఆస్పత్రికి పోవాలి.

అయిదు నిమిషాల ఓపీ

పెద్ద డాక్టరు దగ్గర మీకు దొరికేది అయిదు నిమిషాలు. అందులో మూడు నిమిషాలు ఫోన్ గ్యాలరీలో పాత రిపోర్టు ఫొటో వెతకడానికే పోతే తప్పెవరిది? ఎకో రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒకే ఫైల్లో పెట్టండి. ప్రతి రిపోర్టు నుంచీ ఒకటి రెండు అంకెలు ముందు కాగితం మీదికి ఎత్తి రాసుకోండి. మైట్రల్ వాల్వు దారి మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లుంటుంది. 1.5కు దిగితే తీవ్రమైనట్టు లెక్క. అయోర్టిక్‌కు మామూలు 3–4, ఒకటికి దిగితే తీవ్రం. లీకేజీకి లెక్కలు వేరు. గుండె ఎంత సాగింది, ఎంత బలంగా కొట్టుకుంటోంది అన్నవి అక్కడ ముఖ్యం.

ఈ అంకెలతో మీరే డాక్టరైపోమని కాదు. మంచి ప్రశ్న అడగడానికి అవి పనికొస్తాయి. "పోయినసారికీ ఇప్పటికీ తేడా ఎంతండీ? ఈ వేగంతో పోతే ఎన్నాళ్లకు ఆపరేషన్ మాట వస్తుంది? నా వాల్వు రిపేరుకు పనికొస్తుందా, మార్చాల్సిందేనా? ఏది కనపడితే నేను ఆర్నెల్లు ఆగకుండా రావాలి?" ఈ నాలుగూ కాగితం మీద రాసుకెళ్లండి. తలుపు దాటి లోపలికి అడుగుపెట్టగానే మరిచిపోవడం అందరికీ మామూలే. జవాబులు అక్కడే రాసుకోండి. "డాక్టరు గారేమైనా అనుకుంటారేమో" అనే మొహమాటం మన జాతి జబ్బు. అనుకోనివ్వండి.

ఇంకొకటి. సన్నబడిన వాల్వును తెరిచే మాత్ర, పొడి, కషాయం ఇంతవరకూ లేవు. మందులు నీరు తగ్గిస్తాయి, దడ తగ్గిస్తాయి, గుండె మీద భారం తగ్గిస్తాయి. వాల్వును మాత్రం తిరిగి మునుపటిలా చేయవు. 'కోత లేకుండా కరిగిస్తాం' అనే వీడియో ఎవరు పంపినా నమస్కారం పెట్టి ఊరుకోండి. పంపింది సొంత మేనమామ అయినా సరే.

ఒంట్లో బాగున్నప్పుడే

ఆపరేషన్ మాట వచ్చినప్పుడు అందరూ అడిగేది: "ఇప్పుడే ఎందుకు? బాగానే ఉన్నాను కదా!" టెర్మినేటర్ హీరో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్‌కూ ఇదే ప్రశ్న ఎదురైంది. రెండు రెక్కల అయోర్టిక్ వాల్వుతో పుట్టాడాయన. 1997లో, దాదాపు యాభై ఏళ్ల వయసులో, పైకి ఏ బాధా లేకుండానే ఆపరేషన్ చేయించుకున్నాడు. ఏ నలతా లేనప్పుడు గుండె కోయించుకోవడానికి ఒప్పుకోవడమే కష్టమైన నిర్ణయమని ఆయనే చెప్పుకున్నాడు. అక్కడితో అయిపోలేదు. 2018లో పల్మనరీ వాల్వు మార్చాల్సి వచ్చింది. కాథెటర్‌తో సులువుగా అయిపోతుందనుకున్నది మధ్యలో చెడి, అప్పటికప్పుడు ఛాతీ తెరిచారు. అదే ఏడాది టెర్మినేటర్ కొత్త సినిమా షూటింగుకు వెళ్లాడు. 2020లో మళ్లీ అయోర్టిక్ వాల్వు మార్చారు. డబ్బుంది, కండలున్నాయి, అయినా మూడుసార్లు తప్పలేదు. వాల్వు మార్పిడి ఒక్కసారితో తీరిపోయే వ్యవహారమని ముందే తీర్మానించుకుంటే తర్వాత నిరాశ పడాల్సి వస్తుంది. రెండోసారీ రావచ్చునని మొదట్లోనే తెలిసి ఉండటం మేలు.

ఆపరేషన్ తీరు రకరకాలు. మైట్రల్ వాల్వు మరీ గట్టిపడకుండా, లీకేజీ పెద్దగా లేకుండా ఉంటే ఛాతీ కోయకుండా తొడ దగ్గరి రక్తనాళం గుండా బెలూన్ పంపి తెరుస్తారు. 1980లలో జపాన్ సర్జన్ కాంజి ఇనౌయె తెచ్చిన ఆ పద్ధతి మన దేశంలో లెక్కలేనంతమంది పేదింటి ఆడపిల్లలను నిలబెట్టింది. అయోర్టిక్ వాల్వును కూడా అలా తొడ దారినే మార్చవచ్చని 2002లో ఫ్రాన్స్‌లో అలాన్ క్రిబియె చేసి చూపించాడు. ఎక్కువగా పెద్ద వయసువాళ్లకు వాడుతున్నారు. ఖరీదు ఎక్కువ. లీకయ్యే మైట్రల్ వాల్వును సర్జన్ బాగు చేయగలిగితే అదే మంచిది, సొంత వాల్వుకు సాటి వచ్చేది లేదు. ఇవేవీ కుదరకపోతే మార్చడమే.

మార్చేటప్పుడు ఏ వాల్వు? ఇక్కడ మీ ఆలోచన కావాలి. మెటల్ వాల్వు దశాబ్దాల పాటు ఉంటుంది. కానీ రక్తం పల్చబడే మాత్ర జీవితాంతం వేసుకోవాలి, రక్తం ఎంత పల్చబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష తరచూ చేయించుకోవాలి. జంతు కణజాలంతో చేసిన టిష్యూ వాల్వుకు ఆ బెడద తక్కువ. కానీ పది పదిహేనేళ్లకు అరిగిపోతుంది, చిన్న వయసులో ఇంకా ముందే. మామూలుగా యాభై లోపు వాళ్లకు మెటల్, అరవై అయిదు దాటినవాళ్లకు టిష్యూ అంటారు. మధ్యలో ఉన్నవాళ్లతో కూర్చుని మాట్లాడతారు. అయితే వయసొక్కటే చూస్తే చాలదు. ఐఎన్ఆర్ పరీక్ష చేసే ల్యాబు మీ ఊరికి ఎంత దూరం? మీది ఎత్తు నుంచి పడే ప్రమాదం ఉన్న పనా? మాత్ర వేళకు వేసుకునే మనిషేనా మీరు? ఇంకా పిల్లల్ని కనాలనుకుంటున్నారా? ఈ చివరి ప్రశ్న చాలా పెద్దది. రక్తం పల్చబడటానికి వేసుకునే వార్ఫారిన్ రకం మాత్రలు గర్భం మొదటి నెలల్లో బిడ్డకు హాని చేయవచ్చు. అలాగని గర్భం రాగానే భయపడి సొంతంగా మానేస్తే వాల్వు మీద గడ్డ కట్టి తల్లి ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఆ మాట గర్భం రాకముందే, ఇంకా చెప్పాలంటే వాల్వు ఎంచుకునేటప్పుడే, డాక్టరుతో మాట్లాడుకోవాలి. కోడలు సిగ్గుపడి ఊరుకుంటే అత్తగారైనా అడగాలి.

మెటల్ వాల్వు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఒకప్పుడు మన దేశంలో పెట్టే వాల్వులన్నీ విదేశాల నుంచే వచ్చేవి. పేదవాడికి వాల్వు ఖరీదే పెద్ద అడ్డు. తిరువనంతపురం శ్రీ చిత్ర ఇన్‌స్టిట్యూట్‌లో సర్జన్ ఎం.ఎస్.వలియత్తాన్ 1970లలో ఇక్కడే వాల్వు తయారుచేయాలని పూనుకున్నారు. సర్జన్లూ ఇంజినీర్లూ కలిసి కూర్చున్నారు. చేసిన నమూనాలు వరసగా మూడు నిలవలేదు. నాలుగోది నిలిచింది. కోబాల్ట్ క్రోమియం మిశ్రలోహంతో పంజరం, గట్టి ప్లాస్టిక్‌తో బిళ్ల, కుట్టడానికి పాలిస్టర్ వస్త్రంతో రింగు. 1990 డిసెంబరులో మొదటిసారి ఒక రోగి గుండెలో అమర్చారు. తర్వాత టీటీకే చిత్ర వాల్వు పేరుతో లక్షమందికి పైగా గుండెల్లో చేరింది, దిగుమతి వాల్వుల కన్నా చౌకగా. వలియత్తాన్ 2024లో కన్నుమూశారు. ఆపరేషన్ టేబులు మీద మీకు కనిపించని ఇలాంటి మొండిమనుషుల పదిహేనేళ్ల చాకిరీ కూడా మీ పక్షాన ఉంటుంది.

డబ్బు, బంధువులు, పళ్లు

డబ్బు సంగతి దాచుకుని చివరి వారంలో పరుగులు పెట్టకండి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవగా, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీగా నడుస్తోంది. వాల్వు మార్పిడి ఆ జాబితాలో ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పరిమితి 10 లక్షలు. నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఈ పథకం పని చూసే ఆరోగ్యమిత్రను ముందే కలవండి. కార్డులో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయా, ప్యాకేజీలో ఏ వాల్వు ఇస్తారు, ఏవి సొంతంగా కొనాలి... ఇవన్నీ తీరుబడిగా ఉన్నప్పుడే కనుక్కోండి. పుట్టపర్తి సత్యసాయి ఆస్పత్రిలో 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నారు. అక్కడైనా వరస ఉంటుంది కనుక ముందుగా వెళ్లి చూపించుకోవాలి. ప్రైవేటు ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు వాల్వు జబ్బు దాచారంటే ప్రీమియం కట్టిందంతా దండగ. ఉన్న జబ్బుకు నిరీక్షణ కాలం 2024 నుంచి గరిష్ఠంగా మూడేళ్లకు తగ్గించారు. ఎదురుచూసే కాలం ఎటూ ఉంది కదా, నిజం చెప్పి పాలసీ తీసుకోండి.

దాపరికం అంటే గుర్తొచ్చింది, సంబంధాల సంగతి. అమ్మాయికి వాల్వు జబ్బు ఉందని చెప్తే పెళ్లి కాదని దాచేస్తారు. పెళ్లయ్యాక మాత్రలు దాచుకుని మింగాలి, ఎకోకు అబద్ధం చెప్పి వెళ్లాలి, చివరికి ఆర్నెల్ల పరీక్షే మానేయాలి. అప్పుడు గర్భం వస్తుంది. దాచిపెట్టి చేసిన పెళ్లిలో అసలు ప్రమాదం గొడవలు కాదు, ఇదీ. అబ్బాయిల విషయంలోనూ అంతే. రిపోర్టు చూసి వద్దనుకున్న సంబంధం పోతే పోనివ్వండి.

ఇక బంధువులు. ఆపరేషన్ అని తెలియగానే ఫోన్లు మొదలవుతాయి. "ఏరా, మీ నాన్నకి గుండె ఆపరేషనటగా? మా తోడికోడలి తమ్ముడికీ ఇలాగే చేస్తే..." ఆ వాక్యం ఎలా ముగుస్తుందో మనకు తెలుసు. ఫోన్లు ఎత్తడానికి ఒక మనిషిని పెట్టండి. పెద్ద గొంతూ ఎక్కువ ఓపికా ఉన్న బావమరిది దొరికితే అంతకన్నా అదృష్టం లేదు. రోగి ఫోను ఆయన దగ్గరే ఉండాలి. రక్తదాతల పేర్లు, ఆస్పత్రిలో రాత్రి పడుకునేవాళ్ల వంతులు, పిల్లల బడి, గ్యాస్ బుకింగు, ఏ ఖాతాలో ఎంత ఉంది, డాక్టరు ఏదైనా అడిగితే సంతకం పెట్టేదెవరు... వీటిని ఒక్క కాగితం మీద రాసి ఇంట్లో ఇద్దరికి ఇవ్వండి. ఇది అపశకునం మాట అనేవాళ్లుంటారు. ఊరెళ్లేటప్పుడు ఇంటి తాళం పక్కింట్లో ఇవ్వడం అపశకునమైతే ఇదీ అపశకునమే.

పళ్లు చూపించుకోవడం అందరూ తేలిగ్గా తీసేసే పని. పుచ్చుపన్ను, వాచిన చిగురు నుంచి బ్యాక్టీరియా రక్తంలోకి చేరి పాడైన వాల్వు మీద, కొత్త వాల్వు మీద స్థిరపడుతుంది. ఎండోకార్డైటిస్ అంటారు, ప్రాణాంతకం. కాబట్టి పీకాల్సిన పన్నుంటే ఆపరేషన్‌కు ముందే పీకించెయ్యాలి. కొత్త వాల్వు పెట్టాక ఎప్పుడు పన్ను పీకినా, చిగుళ్లకు పని చేయించినా ముందుగా యాంటీబయోటిక్ వేసుకోవాలి. పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చోగానే చెప్పాల్సిన మొదటి మాట కొత్త వాల్వు ఉందన్నదే. సిగరెట్టు, ఖైనీ, గుట్కా ఎన్ని వారాల ముందు మానేస్తే అంత మంచిది. బంతులు పైకి లేచే ఊపిరి పరికరం ఆస్పత్రిలో ఇస్తారు. అది ముందే తెచ్చుకుని ఇంట్లో సాధన చేసినవాళ్లు ఐసీయూలో తేలిగ్గా ఊపిరి పీలుస్తారు.

ఇంటికొచ్చాక

రొమ్ము ఎముక కోసి వైర్లతో కట్టి పంపుతారు. అతుక్కోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు. అంతవరకు నాలుగైదు కిలోలు దాటిన బరువు ముట్టకూడదు. నీళ్ల బకెట్టు, బియ్యం సంచి, చంకనెక్కుతానని మారాం చేసే మనవరాలు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. మంచం మీంచి చేతులు ఆన్చి లేవకూడదు, పక్కకు తిరిగి కాళ్లు దించి లేవాలి. దగ్గొస్తే దిండు ఛాతీకి అదుముకుని దగ్గాలి. బైకు డాక్టరు సరే అనేదాకా తాళం వేసే ఉండాలి. నడక మాత్రం రోజూ కాస్త కాస్త పెంచుకుంటూ పోవాలి. పరామర్శకు వచ్చినవాళ్లు "పడుకో, పడుకో" అంటారు. వాళ్లకు మజ్జిగ ఇచ్చి మీరు నడవండి.

రెండో వారంలోనో మూడో వారంలోనో ఏడుపొస్తుంది. కారణం ఉండదు. మీసాలున్న మగవాళ్లకూ వస్తుంది. గుండె ఆపరేషన్ తర్వాత మనసు కుంగడం డాక్టర్లకు తెలిసిన విషయమే. చాలామందిలో మెల్లగా సర్దుకుంటుంది. వారాల తరబడి తగ్గకపోతే అది కూడా చెప్పాల్సిన లక్షణమే. నోట్‌బుక్‌లో దానికీ ఒక గీత కేటాయించండి.

మెటల్ వాల్వు పెట్టించుకున్నవాళ్లకు రాత్రి నిశ్శబ్దంలో టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. కొన్నాళ్లకు అలవాటైపోతుంది. రక్తం పల్చబడే మాత్ర సంగతి మాత్రం అలవాటు మీద వదలకూడదు. అసిట్రోమ్ అయినా, వార్ఫారిన్ అయినా రోజూ ఒకే వేళకు. అయోర్టిక్ మెటల్ వాల్వుకు ఐఎన్ఆర్ మామూలుగా 2–3 మధ్య, మైట్రల్‌కు 2.5–3.5 మధ్య ఉంచుతారు. మీ అంకె ఎంతో మీ డాక్టరు చెబుతారు. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. గోంగూర, తోటకూర, పాలకూర, మునగాకులో విటమిన్ కె ఎక్కువ, అది ఈ మందుకు ఎదురు నిలుస్తుంది. మానెయ్యాల్సిన పనిలేదు. ఈ వారమంతా గోంగూర, వచ్చే వారం ఆకు ముఖమే చూడకపోవడం... అదే చేటు. వారానికి ఎంత తింటారో ప్రతి వారం అంతే తినండి, మందు మోతాదు దానికి తగ్గట్టు కుదురుతుంది. కార్తీక మాసం ఉపవాసాలు చేసినా, అయ్యప్ప మాల వేసుకున్నా భోజనం మారుతుంది కాబట్టి ఆ రోజుల్లో ఒకసారి ఎక్కువ పరీక్ష చేయించండి.

నడుంనొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు ఈ మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. ఊళ్లో ఆర్ఎంపీ గారు జ్వరానికి తుంటికి వేసే సూది కూడా వద్దు. కండలో వేసిన చోట రక్తం గడ్డ కడుతుంది. "రక్తం పల్చబడే మందు వాడుతున్నాను, గుండెలో మెటల్ వాల్వు ఉంది" అని వాల్వు పేరు, సైజు, ఆస్పత్రి ఫోన్ నంబరుతో ఒక కార్డు పర్సులో ఉంచుకోండి. పొరుగూళ్లో పెళ్లికి వెళ్లినప్పుడు మీ తరఫున అదే మాట్లాడుతుంది.

రెండు రెక్కల వాల్వు ఉన్నవాళ్లు అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు ఒక్కసారి ఎకో తీయించమని డాక్టరును అడగాలి. అది కుటుంబాల్లో నడిచే లోపం. తమ్ముడు "నాకేం లేదన్నయ్యా" అంటాడు. ఏం మానేశాడో అడగండి.

చివరిగా జ్వరం. వాల్వు జబ్బు ఉన్నవాళ్లకు, వాల్వు మార్చినవాళ్లకు జ్వరం రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే మెడికల్ షాపు మెట్లెక్కకూడదు. గుండె డాక్టరుకు ఫోన్ చేయాలి. యాంటీబయోటిక్ మొదటి మాత్ర మింగకముందే రక్తం కల్చర్ పరీక్షకు ఇవ్వాలి. మాత్ర పడ్డాక తీసిన రక్తంలో క్రిమి దొరకడం కష్టం. ఏ క్రిమో తెలియకపోతే ఏ మందు, ఎన్ని వారాలు అన్నది తేల్చడం డాక్టరుకు ఇంకా కష్టం.